తగలని దెబ్బల పంపకం

మల్లయోధుడికి తగలని దెబ్బ ఎవరో ఒకరికి తగిలి తీరాలి కనుక, ఓరుగల్లు మల్లయుద్ధ ప్రసార సంస్థ మొదటి ఆదివారం నుంచీ ఆ నొప్పిని టీవీలో ఆట చూసేవాళ్లందరికీ సమానంగా పంచుతూ వచ్చింది. ఇందులో దాపరికం ఏమీ లేదు. ఆట మొదలయ్యే ముందు తెర అడుగున చిన్న అక్షరాల్లో ఆ సంగతి పరిగెత్తేది. పరిగెత్తే అక్షరాల వెంట పడి చదివే ఓపిక మనవాళ్లకు ఎన్నడూ లేదు.

కుస్తీ బరి హనుమకొండలో, మూతపడిన ఒక సినిమా హాల్లో ఉండేది. ఎవరు గెలవాలో సోమవారం టైపు చేసేవాళ్లు. ఎవరు ఎటు పడాలో మంగళవారం సాధన చేయించేవాళ్లు. ఆదివారం సాయంత్రం ఆరింటికి కుర్చీ ఎత్తినవాడు దాన్ని వీపుకు అంగుళం దూరంలో ఆపి, అదే క్షణంలో మడమతో చెక్కను తన్నేవాడు. దిమ్మదిరిగే చప్పుడు వచ్చేది. పడాల్సినవాడు పడి, కాసేపు పొర్లి, లేచి ఇంటికి పోయి అన్నం తినేవాడు. కానీ దెబ్బంటూ కనిపించింది కదా. కనిపించిన దెబ్బకు నొప్పి పుడుతుంది. పుట్టిన నొప్పిని రెండో అంతస్తులో ఉన్న నొప్పుల పంపకం విభాగం, సూపరింటెండెంటు తాహెరా బేగం సంతకంతో, భాగాలు చేసి ఇళ్లకు పంపేది.

మంచిరోజుల్లో చూసేవాళ్లు పదకొండు లక్షల నలభై వేల మంది. ఒక కుర్చీ దెబ్బను అంతమందికి పంచితే తలా దోమ వాలినంత వచ్చేది. అది వచ్చినప్పుడల్లా జనం ఇళ్లలో కూర్చుని ‘అబ్బా!’ అనేవాళ్లు. ఆదివారం ఆరున్నరకు ఏ వాడలో నడిచినా కిటికీల్లోంచి ఒకేసారి అబ్బా వినపడేది. అది మెచ్చుకోలు మాటేనని కింది బరిలో అందరూ నమ్మారు. అందరికంటే గట్టిగా నమ్మినవాడు గుండేటి ఓదెలు.

ఓదెలు బరిలో ‘కాలకూటం’. నూట పద్దెనిమిది కిలోల దుర్మార్గుడు. పంతొమ్మిదేళ్లుగా ప్రతి ఆదివారం ఓడిపోతున్నాడు, అదే అతని ఉద్యోగం. బస్సులో ముసలమ్మలు దుమ్మెత్తి పోస్తే తృప్తిగా తల వంచుకుని టికెట్టు తీసుకునేవాడు. మంచి పనిమంతుడు. ఒక కుర్చీ దెబ్బకు అంత అబ్బా వస్తే రెండింటికి ఎంత వస్తుందోనని తనే అడిగి రెండు చేయించుకున్నాడు. తర్వాత మూడు చేయించుకున్నాడు. ఇంకా ఘోరంగా కనిపించేలా పడటం ఎలాగో ఇసుకలో గంటలకొద్దీ సాధన చేశాడు. జనం కోసమే చేశాడు పాపం.

ఆ ఎండాకాలం వేరే చానెల్లో మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ మొదలైంది. ఇనుప జాలీ బోనులో ఇద్దరు దిగుతారు. ఎవరు గెలుస్తారో వాళ్లకే తెలియదు. దెబ్బ ఎవరిని కొడితే వాడికే తగులుతుంది. రాలిన పన్నూ వాడిదే, కారిన రక్తమూ వాడిదే. పంచడానికి ఏమీ మిగలదు. ఊళ్లో దాన్ని బోన్ల కొట్లాట అన్నారు. మొదటి వారం చూసినవాళ్లు ఒక విచిత్రం గమనించారు. ఒకడి కనుబొమ చిట్లి ముఖమంతా ఎర్రబడుతుంటే తమ ఒంటికి ఏమీ కాలేదు. హాయిగా కూర్చుని తినొచ్చు. "ఎంత మంచిగుందో, ముద్ద దిగింది" అని పక్కింటికి చెప్పారు.

జనం అబద్ధంతో విసిగి నిజం వైపు వెళ్లారని పత్రికలు రాశాయి. రాయడానికి బాగానే ఉంటుంది. తాహెరా బేగం దగ్గరున్న కాగితాల ప్రకారం ఒక్కరు కూడా నిజం కోసం వెళ్లలేదు, ముద్ద దిగుతుందని వెళ్లారు.

వెళ్లినవాళ్ల వంతు ఉన్నవాళ్ల మీద పడింది. దోమ వాలినంత ఉన్నది చీమ కుట్టినంత అయింది. మరో మూడు లక్షల మంది వెళ్లేసరికి ముల్లు దిగినంత అయింది. ముల్లు దిగినవాళ్లు వెళ్లిపోతే మిగిలినవాళ్లకు వీపు మీద వాతలు తేలాయి. సంస్థ చేతులు కట్టుకుని కూర్చోలేదు. మిగిలిన ప్రేక్షకులే మన బలమని గోడలకు కాగితాలు అంటించింది. పోయినవాళ్లను వెనక్కి రప్పించడానికి ఆటలో ఇంకా పెద్ద దెబ్బలు రాయించింది. ఓదెలు ఇప్పుడు నిచ్చెన మీది నుంచి కూడా పడుతున్నాడు. ఒక్కొక్క నిచ్చెనకు రెండేసి వేల ఇళ్లు ఖాళీ అయ్యేవి.

దసరా వెళ్లిన వారానికి తాహెరా బేగం ఓదెలును పైకి పిలిపించింది. కళ్లజోడు తుడుచుకుంటూ కుర్చీ చూపించింది. కుర్చీలంటే ఓదెలుకు వృత్తిపరమైన గౌరవం. మెల్లగా కూర్చున్నాడు.

"మీకు సూపెట్టాల్నా వద్దా అని వారం సంది ఆగిన, ఓదెలన్నా. ఆటగాళ్లకు ఈ కాగితం ఇయ్యొద్దని రూలున్నది" అంటూ ఒకే ఒక్క పేజీ ముందుకు జరిపింది. పూర్వం ఆ జాబితా మోయడానికి ట్రాలీ ఉండేది. ఇప్పుడు మిగిలినవి తొమ్మిది కార్డులు, వాటిలో ఇరవై మూడు పేర్లు. ఈ పంపకం సంగతి ఓదెలుకు పంతొమ్మిదేళ్లలో ఎవరూ చెప్పలేదు, అతను అడగనూ లేదు. తాహెరా బేగం పావుగంటలో అంతా చెప్పింది. ఓదెలు కుర్చీ అంచుకు జరిగాడు.

"మరి వాళ్లు అబ్బా అన్నది..."

"నొప్పికే అన్నా."

అతను కాగితం మీదికి వంగి వేలు పెట్టాడు. "గీ ఐదో నంబరు కార్డు మా అక్కది."

"ఇంటిపేరు సూసే పిలిచిన."

"ఐదుగురని రాసున్నది. అక్క ఒక్కతే గదా ఉండేది?"

ఆ తప్పు ఎవరిదీ కాదు. ప్రకటనలిచ్చేవాళ్లకు జనాన్ని ఎక్కువగా చూపించాలని సంస్థ తొలినాళ్లలో ప్రేక్షకుల జాబితాను రేషన్ కార్డుల నుంచి దింపుకుంది. కార్డులో ఎన్ని పేర్లుంటే అంతమంది చూస్తున్నట్టు లెక్క. రేషన్ కార్డులో చనిపోయినవాళ్ల పేర్లు కొట్టేయించుకునేంత తెలివితక్కువవాళ్లు మన దగ్గర ఎవరూ ఉండరు. కొమురమ్మ కార్డులో పోయిన తల్లి ఉంది, పోయిన తండ్రి ఉన్నాడు, పోయిన భర్త ఉన్నాడు, తను ఉంది. సంస్థ ఇచ్చిన గదిలో పంతొమ్మిదేళ్లుగా ఉంటున్న తమ్ముడు ఓదెలు కూడా ఉన్నాడు. తలా ఆరు కిలోల బియ్యం. పేర్లు ఐదు గనుక నొప్పి కూడా ఐదు వంతులు వచ్చేది, టీవీ ముందు కూర్చున్నవాళ్లకే అందేది. పదకొండు లక్షల మందిలో ఆ తేడా తెలియలేదు. ఇరవై మూడింట ఐదంటే తెలుస్తుంది.

"నా పేరు మీద వచ్చే వంతు గూడ అక్కకేనా?"

"మీరు ఆ టైముల బరిల ఉంటరు గదన్నా" అంది తాహెరా బేగం.

మర్నాడు ఓదెలు రంగశాయిపేటలోని అక్క ఇంటికి వెళ్లాడు. కొమురమ్మ మిర్చి యార్డులో తాలుకాయలు ఏరే కూలి. అతను వెళ్లేసరికి ఎడమ భుజానికి పసుపూ సున్నమూ పట్టించుకుని కూర్చుని ఉంది. బస్తా తగిలిందని నెల కిందట అతనికి చెప్పింది. అతను నమ్మి, పైలంగా ఉండక్కా అని చెప్పి, అదే వారం నిచ్చెన మీది నుంచి రెండుసార్లు పడ్డాడు. ఆ సంగతి గుర్తొచ్చి ఇప్పుడు గడప దగ్గరే నిలబడిపోయాడు.

"బస్తా కాదని తెల్సిందక్కా."

"తెలిస్తే తెల్సింది తియ్. కాళ్లు కడుక్కొని రా."

"కార్డుల పేర్లు కొట్టేయించు. అమ్మది, నాయినది, బావది. నాది గూడ తీసేయించు."

"అమ్మ పేరు కొట్టెయ్యాల్నా? ఆరు కిలోల బియ్యం నువ్విస్తవా?" అని ఆమె కసిరింది. తర్వాత గొంతు తగ్గించింది. "పేరుంటే ఇంట్ల ఉన్నట్టుంటదిరా. నెలకోపారి డీలరు పిలుస్తడు, గుండేటి రాజవ్వ అని. గప్పుడొక్కటే ఇనవడ్తది అమ్మ పేరు."

ఓదెలు ఆ మాట వదిలేసి టీవీ వైపు చూపించాడు. "అయితే చానెల్ మార్చు. ఊరంత బోన్ల కొట్లాటే సూస్తున్నది. నువ్వూ సూడు. ముద్ద దిగుతదంట."

"నేను సూడకపోతే గా దెబ్బ ఎవలకు పోతది?"

టీవీ వైపు చాపిన చెయ్యిని అతను దించేశాడు.

"తెర కింద రాసొస్తదిరా. రెండో తరగతిదాంక సదువుకున్న నేను. వారానికి రెండు మాటలు కూడబలుక్కుంట మొత్తం సదివిన. సూసేటోళ్లు ఎవలు లేకుంటే ఆడేటోనికే అని ఆఖరుకు ఉన్నది." కొమురమ్మ కుడిచేత్తో చెంబు అందుకుని తమ్ముడికి నీళ్లిచ్చింది. "నువ్వు సల్లగ పడు. నేను సూస్త."

ఆ మాట విన్నాక ఓదెలుకు బరిలో కాలు ఆడలేదు. కుర్చీ పైకి లేస్తుంటే అతనికి రంగశాయిపేటలోని పసుపు పూసిన భుజం కనపడేది. తేలికగా పడి చూశాడు, లాభం లేకపోయింది. నొప్పి పుట్టేది బరువును బట్టి కాదు, తెర మీద కనిపించినదాన్ని బట్టి. ఆట రాసే పంతులు దగ్గరికి పోయి మూడు కుర్చీలను ఒకటి చేయమని బతిమాలాడు. చూసేవాళ్లు తగ్గుతుంటే దెబ్బలు తగ్గించమంటావేమయ్యా అని ఆయన నాలుగు చేశాడు.

వారం వారం కార్డులు రాలిపోయాయి. తొమ్మిది ఆరయ్యాయి, ఆరు రెండయ్యాయి. పరకాలలో ఒకాయన ఆస్పత్రి మంచం మీది నుంచి కూడా చూశాడు, చివరికి ఆయన్ని ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్లడంతో ఆయన పేరు పోయింది. ఆ ఆదివారం ఆట ముగిసేసరికి మిగిలింది ఐదో నంబరు కార్డు ఒక్కటే. సోమవారం కొమురమ్మను యార్డువాళ్లు ఆటోలో సర్కారు దవాఖానాకు తీసుకుపోయారు. డాక్టరు పక్కటెముకల మీది నల్లటి చారలు చూశాడు. కారణం అనే చోట ‘టీవీ’ అని రాసి, రోజుకు మూడు మాత్రలు ఇచ్చాడు. చూడటం మానేయమని ఆయనా అన్నాడు. ఆమె తల ఊపింది కానీ ఒప్పుకోలేదు.

బుధవారం ఓదెలు మళ్లీ రెండో అంతస్తు ఎక్కాడు.

"వచ్చే ఆదివారం నాలుగు కుర్చీలు, ఒక నిచ్చెన, మేడం. అక్క సూసుడు ఆపదు" అన్నాడు. చేతులు తొడల కింద పెట్టుకున్నాడు. ఆ తొడలు చరిచి అతను ఎంతమందినో బెదిరించాడు.

తాహెరా బేగం అట్టడుగు సొరుగు లాగి, పచ్చబడిన ఒక కాగితం తీసి దుమ్ము ఊదింది. పద్నాలుగో నంబరు పత్రం. ‘నా దెబ్బ నాకే’ అని పైన అచ్చయి ఉంది. సంస్థ పెట్టినప్పటి నుంచీ ఉంది, ఇంతవరకూ ఎవరూ అడగలేదు. "ఒకపారి సంతకం పెడితే వాపసు లేదు. ఆ ఆటగాని నొప్పి మళ్ల ఎవ్వలకు పంచరాదు" అంది ఆమె. "మీ అక్కను అడిగిండ్రా?"

"అడిగితే ఒప్పుకోదు."

"భయమైతలేదా అన్నా?"

"అయితుంది. పంతొమ్మిదేండ్ల సంది దెబ్బలు తింటున్న గని, ఒక్కటి గూడ ఎట్లుంటదో తెల్వదు." అని సంతకం పెట్టాడు.

ఆదివారం ఎదురు నిలిచినవాడు బరిలో ధర్మతేజ, బరి బయట కుమారస్వామి. చీమకు కూడా దారిచ్చే మనిషి. ప్రతి ఆట తర్వాత బాగనే పడ్డవా అన్నా అని ఓదెలును అడిగేవాడు. అలవాటు ప్రకారం అతను కుర్చీని అంగుళం దూరంలో ఆపి మడమతో చెక్కను తన్నాడు. కుర్చీ ఓదెలును తాకలేదు. ఓదెలు జబ్బ ఎముక విరిగింది.

ఎలా పడాలో అతనికి పంతొమ్మిదేళ్లుగా తెలుసు. నొప్పి ఉన్నప్పుడు ఎలా పడాలో తెలియదు. తప్పు వైపు పడ్డాడు. నోట్లోంచి ఒక కేక వచ్చింది. అది సోమవారం టైపు చేసిన కాగితంలో లేదు. కుమారస్వామి కంగారుపడి చెవి దగ్గరికి వంగి, "ఏమైందన్నా? నేను ముట్టలే" అన్నాడు. ఇంకా మూడు కుర్చీలు మిగిలి ఉన్నాయి. కానియ్ అని ఓదెలు కళ్లతో సైగ చేశాడు.

అక్కడ రంగశాయిపేటలో కొమురమ్మ నోట్లో కొంగు కుక్కుకుని, గోడకు ఆనుకుని కూర్చుంది. కుర్చీ పడింది. ఏమీ కాలేదు. రెండోది పడింది. చీమ కూడా కుట్టలేదు. జనం మళ్లీ వచ్చారేమో, అందరూ పంచుకుంటున్నారేమో అనుకుంది. సంతోషంతో కళ్లలో నీళ్లు తిరిగాయి.

జనం రావడం కూడా నిజమే. బోన్ల కొట్లాటలో ప్రకటనలు వస్తుంటే ఒకరిద్దరు చానెల్ తిప్పి, ఓదెలు కేక దగ్గర ఆగారు. ఒంటి మీద వాతలు తేలతాయేమోనని కాసేపు భయంభయంగా చూశారు. ఏమీ కాలేదు. పక్కింటివాళ్లకు ఫోన్లు చేశారు. రెండో వారానికి నాలుగు లక్షలయ్యారు, సంక్రాంతి దాటేసరికి పద్దెనిమిది లక్షలు. బోనులో ఒక ఇబ్బంది ఉండేది. ఎవరు గెలుస్తారో తెలియక గాబరాగా ఉండేది. ఇక్కడ ఆ గాబరా లేదు. గెలిచేవాడు ముందే గెలిచి ఉంటాడు, ఓడేవాడికి దెబ్బ మాత్రం నిజంగా తగులుతుంది. ఈ పద్ధతి ఎవరికీ కొత్తగా అనిపించలేదు. రోజూ చూస్తున్నదే కదా అనుకుని కుదురుగా కూర్చున్నారు. ఆ ఏడు సంస్థ కొత్తగా చేర్చుకున్న ఆటగాళ్లందరి దగ్గరా చేరినరోజే పద్నాలుగో నంబరు పత్రం మీద స్వచ్ఛందంగా సంతకం తీసుకున్నారు.

ఆ మొదటి దెబ్బల తర్వాత మూడోరోజున ఓదెలు ఎడమ జబ్బకు కట్టుతో అక్క ఇంటికి వచ్చాడు. మెట్లు జారిపడ్డానన్నాడు. కొమురమ్మ నమ్మలేదు. బస్తా అబద్ధం చెప్పిన మనిషికి మెట్ల అబద్ధం తెలియకపోదు. కట్టు మీద చెయ్యి పెట్టి చూసింది, సరిగ్గా తను పసుపు పూసుకున్న చోటే.

"ఏం జేసినవ్‌రా?"

అతను చెప్పాడు. ఆమె తిట్టింది, తలబాదుకుంది. తర్వాత అన్నం కలిపి ముద్దలు చేసి పెట్టింది. మర్నాడు తనే హనుమకొండ పోయి, ఎముకలు నొప్పెడుతున్నా రెండంతస్తులు ఎక్కింది.

"నా నొప్పి నాకియ్యుండ్రి, మేడం."

"పంచరాదమ్మా. రూలు లేదు."

"నా ఒక్కదానికన్న ఇయ్యుండ్రి. నాకు అలవాటైంది."

తాహెరా బేగం ఈమధ్య రాత్రుళ్లు తనకు సరిగా నిద్ర పట్టడం లేదని చెప్పలేదు. రూళ్ల పుస్తకం మొత్తం తిరగేసి, సంక్రాంతి దాటేసరికి ఒక దారి కనిపెట్టింది. చూసేవాళ్లలో సగం మంది మేము పంచుకుంటామని ఒప్పుకుంటే పంపకం మళ్లీ తెరవొచ్చు. పద్దెనిమిది లక్షల మందికి పంచితే ఒక్కొక్కరికి దోమ వాలినంత కూడా రాదు. నెల రోజులపాటు తెర అడుగున ఆ మాట పరిగెత్తించారు, ఒప్పుకునేవాళ్లు పేరు పంపాలని.

నెలాఖరుకు ఒప్పుకున్నవాళ్లు ఐదుగురు. ఐదూ ఒకే కార్డులోవి. అందులో ముగ్గురు చనిపోయినవాళ్లు, ఒకడు దెబ్బలు తినేవాడు.

పంపకం విభాగం మూసేశారు. తాహెరా బేగాన్ని ప్రేక్షకుల సౌకర్యాల విభాగానికి మార్చారు. ఓదెలు జబ్బ అతుక్కునేలోపు మోకాలు పోయింది, మోకాలు మానేలోపు మళ్లీ జబ్బ. కాలకూటం ఆట కట్లతో ఇంకా రంజుగా ఉందని జనం అన్నారు.

కొమురమ్మ చూడటం మానలేదు. తను కూడా చూడకపోతే వాడు అక్కడ ఒక్కడే అయిపోతాడని ఆమె భయం. ఆదివారం సాయంత్రాలు ఇప్పుడు ఆమె ఇల్లు నిండిపోతుంది. కాలకూటం అక్క ఇంట్లో చూడటం ఆ వాడలో అందరికీ గొప్ప. ఎవరి పళ్లెం వాళ్లు తెచ్చుకుంటారు. ఒక ఆదివారం మూడో కుర్చీ పడినప్పుడు ఆమె, ఒంట్లో ఏ నొప్పీ లేకపోయినా, "అబ్బా!" అంది.

గదిలో అందరూ తినడం ఆపి వెనక్కి తిరిగారు. ఆ మాట విని చాలా రోజులైంది.

"ఏమైంది కొమురక్కా?" అని పక్కింటి ఆమె కంగారుగా అడిగింది.

"ఏం కాలే."

"మల్ల గట్ల అనకు. గుండె గుభేల్మన్నది. అన్నం తినేటప్పుడు ఏందిది?"

వాళ్లు చెప్పినదాంట్లోనూ న్యాయం ఉంది. ఆ పై ఆదివారం కుర్చీ లేచింది, పడింది, ఓదెలు అరిచాడు. కొమురమ్మ అబ్బా అనలేదు. పళ్లెంలో ఇంకొంచెం పచ్చిపులుసు పోసుకుని కలుపుకుంది. ముద్ద దిగింది.